కరెంటు బండికి సోలారు కావాలా? మీరడిగినవి, మేం చెప్పేవి

ఈసారి సిక్కోలు, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కరెంటు బళ్ళ గురించే ఉన్నాయి, అందుకని మిగతావి పక్కన పెట్టి ముందు వీటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెండి. స్కూలుకి వెళ్ళి రావడానికి రోజూ 40 కిలోమీటర్లు అవుద్ది, కరెంటు స్కూటరు తీసీసుకుందామని డిసైడైపోయాను. మా మరిది ఏటంటాడంటే, ఒదినా బండి ఒక్కటీ కొంటే ఏటి లాభం, మేడ మీద సోలారు కూడా వేయించీ, పైసా ఖర్చు లేకుండా తిరిగీవచ్చు అని. ఇంట్లో నెలకి 110 యూనిట్లు దాటవు. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచరు

జవాబు: బండి కొనండి, సోలారు విషయం మాత్రం ఆగి ఆలోచిద్దాం టీచరు గారూ. ఎందుకంటే మీకు మిగిలే డబ్బులో దాదాపు అంతా పెట్రోలు మానెయ్యడం వల్లే మిగులుతుంది, సోలారు వల్ల కాదు. మామూలు 3 యూనిట్ల బ్యాటరీ స్కూటరుకి ఛార్జింగులో పోయేది కూడా కలుపుకుని మూడున్నర యూనిట్లు కాలితే మన రోడ్ల మీద 80 కిలోమీటర్ల పైన వస్తుంది, మీ తిరుగుడుకి నెలకి 50 యూనిట్లు అనుకుందాం. మన స్లాబుల ప్రకారం, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్ల ప్రకారం, మీ 110 దాటాక 125 వరకు యూనిట్‌కి నాలుగున్నర రూపాయలు, ఆ పైన 225 దాకా ఆరు రూపాయలు కాబట్టి 110 కాస్తా 160 అయితే పెరిగేది సుమారు 280 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలూ అవీ వేరేననుకోండి. అదే పెట్రోలు బండి లీటరుకి 50 ఇచ్చినా నెలకి 24 లీటర్లు, అంటే రెండున్నర వేలు దాటిపోతుంది. ఇక సోలారు మీకు మిగిల్చేది ఆ 280తో పాటు ఇంటి బిల్లులో కొంచెం, ఇంటి బిల్లు ఎలాగూ చిన్నదే కదా.

అదే నెలకి 250 యూనిట్లు కాల్చే ఇల్లనుకోండి, ఏసీ ఉంది, మోటారు ఉంది, బండి కూడా వచ్చి 300 అయింది, అప్పుడు కథ వేరు, 225 దాటిన ప్రతి యూనిట్ 8 రూపాయల 75 పైసలు. 2 కిలోవాట్ల సోలారు రోజుకి 8 యూనిట్ల దాకా ఇస్తుంది, నెలకి 240, ఆ ఖరీదైన యూనిట్లన్నీ ముందు అదే తినేస్తుంది, బిల్లులో 1,500 పైనే తగ్గుతుంది. ఇంటి మీద సోలారుకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్, దాని కింద కిలోవాటుకి 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడో కిలోవాటుకి 18 వేలు, మొత్తం 78 వేలకి మించి రాదు. ఆ డబ్బు కూడా ముందు రాదండోయ్, ప్యానెళ్ళు పెట్టి తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, మీటరు ఎవరి పేరు మీదుంటే వాళ్ళే అప్లై చెయ్యాలి, తాతగారి పేరు మీదున్న మీటర్లు మన ఊళ్ళలో ఎన్నో, ముందు అది మార్పించుకోవాలి. మీ మరిదికి ఈ లెక్క చూపించండి, ఏసీ కొన్న రోజున మళ్ళీ మాట్లాడదాం అనండి.

ప్రశ్న: నేను 3 కిలోవాట్ల సోలారు వేయించాను, బండి కూడా ఉన్నాది. మొన్న మధ్యాహ్నం మండుటెండలో కరెంటు పోయింది, బండి ఛార్జింగు కూడా ఆగిపోయింది! పైన అంత ఎండుంటే ఆగిపోడమేటండీ? పెట్టినోడు మోసం చేసీసినట్టేనా?
– టెక్కలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోసం కాదు, కానీ ముందే చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. మీది ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకి కలిపిన సోలారు. అందులో మీ ప్యానెళ్ళ కరెంటు నేరుగా బండికి వెళ్ళాలని ఏమీ లేదు, పగలు ఇంట్లో వాడగా మిగిలింది లైనులోకి వెళ్ళిపోతుంది, రాత్రి మీరు లైను నుంచి తీసుకుంటారు, నెట్ మీటరు రెండూ లెక్కేస్తుంది అంతే, బ్యాంకులో మనం వేసిన నోటే మనకి తిరిగి రాదు కదా. ఇక లైను పోయినప్పుడు సోలారు ఇన్వర్టరు తనంతట తనే ఆగిపోవాలి, అది రూలు, ఎందుకంటే అప్పుడు స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటాడు, లైను చచ్చిపోయిందనుకుని చెయ్యి వేస్తాడు, మీ ఇంటి నుంచి కరెంటు ఎదురెళ్ళిందంటే ఆ మనిషి అక్కడే పోతాడు. ఎవరైనా వచ్చి చిన్న మార్పు చేసేస్తాం, కరెంటు పోయినా సోలారు నడుస్తాది అంటే గుమ్మం దాకా కూడా రానివ్వకండి.

కరెంటు లేకపోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీకి సూర్యఘర్ సబ్సిడీ రాదు. గంటో రెండు గంటలో పోయే కరెంటు కోసం అంత ఖర్చు నా ఉద్దేశంలో దండగ, బండిలోనే ఓ పెద్ద బ్యాటరీ ఉంది కదా, సగానికి దిగకముందే ఛార్జింగు పెట్టుకుంటే చాలు. ఫ్యాన్ల కోసం పెట్టుకున్న ఇంటి ఇన్వర్టరుకి మాత్రం బండిని తగిలించకండి, 150 ఏహెచ్ బ్యాటరీలో నిండా ఉన్నా రెండు యూనిట్లు కూడా ఉండదు, గంటా గంటన్నరలో అదీ ఖాళీ, రాత్రి ఫ్యానూ ఉండదు.

ప్రశ్న: ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్నాయి బాబూ. తిత్లీ తుఫానుకి మా తోటలేటైపోయాయో మీకు తెలుసు. అలాంటిది ఇంటి మీద సోలారు అద్దాలు పెట్టుకుంటే ఉంటాయా, ఎగిరిపోతాయా? ఇంకోటి, తోటలో మోటారు షెడ్డు కాడ ఉచిత కరెంటు ఉన్నాది, బండి అక్కడే ఛార్జింగు పెట్టీసుకుంటే?
– కవిటి రైతు

జవాబు: రెండోది ముందు చెప్తాను, వద్దు. వ్యవసాయం కనెక్షను పంపుకే ఇచ్చింది, ఇంకోదానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద అక్రమ వాడకమే, రెట్టింపు రేటు కట్టిస్తారు. పైగా అది త్రీఫేజు లైను, ఓల్టేజీ ఎలా ఉంటుందో మోటార్లు కాలిన మీకు నేను చెప్పాలా.

ఇక తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి గాలి చూసినవాళ్ళకి ఈ భయం ఉండాల్సిందే. స్లాబు మీద సిమెంటు దిమ్మలు బరువుగా పెట్టి వాటి మీద ఫ్రేము నిలబెడితే మన తీరానికి చాలదు, స్లాబులోకి యాంకర్ బోల్టులు దింపాలి, ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు దిగకుండా సీలు చెయ్యాలి. నీడ కోసమని ఎత్తుగా కట్టించుకుంటున్నారు కొందరు, కింద బట్టలారేసుకోవచ్చు నిజమే, కానీ ఎత్తు పెరిగితే గాలి కిందనుంచి తన్నుతుంది, తీరంలో మేడకి దగ్గరగా ఉన్నదే మేలు. ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి మంచి గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) ఫ్రేము, తుప్పు పట్టని స్టీలు బోల్టులు అడగండి, వానాకాలం అయ్యాక తుఫాన్లు మొదలయ్యేలోపు ఒకసారి నట్లు బిగించుకోండి. రేకుల ఇల్లయితే నేనైతే వద్దంటాను.

తుఫాను కబురు రాగానే ముందురోజే బండి నిండా ఛార్జింగు పెట్టేసుకోండి, తర్వాత ఎన్ని రోజులు కరెంటు ఉండదో ఎవరికి తెలుసు. గాలి మొదలయ్యే ముందు సోలారు స్విచ్చులు ప్యానెళ్ళ వైపూ, ఇంటి లైను వైపూ రెండూ ఆపెయ్యండి. బండి ఎత్తైన అరుగు మీద పెట్టండి, ఒకవేళ మునిగితే మాత్రం ఆరింది కదా అని ప్లగ్గు పెట్టొద్దు, మెకానిక్కు చూసి బాగుందన్నాకే. పిడుగులు పడేటప్పుడు ఛార్జరు గోడ నుంచి ఊడదీసెయ్యడం కూడా అలవాటు చేసుకోండి.

ప్రశ్న: కరెంటు కారు తీసుకున్నాం, పాతపట్నం. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకి పెడితే ఎర్త్ లేదని ఎర్ర లైటు వస్తోంది. మా ఎలక్ట్రీషియను ఒక వైరు ముక్క కలిపీసి సరిచేసీసాడు, ఇప్పుడు ఛార్జింగు అవుతోంది. పరవాలేదా?

జవాబు: వెంటనే ఆపెయ్యండి! ఆయన చేసింది న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగెళ్ళే వైరు) ఎర్త్ పిన్నునీ కలిపెయ్యడం అయ్యుంటుంది, ఛార్జరు నోరు మూయించాడు అంతే. రేపు ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీ అంతా కరెంటే, వానలో తడిసిన కాళ్ళతో పిల్లలు డోరు ముట్టుకున్నారంటే ఇంకేమీ మిగలదు. సరైన ఎర్త్ గుంట తీయించండి, మంచి పని, పెద్ద ఖర్చు కూడా కాదు, వేసవిలో దానికి నీళ్ళు పోస్తుండండి. మీటరు బోర్డు నుంచి కారుకి విడిగా 4 ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. కారు గంటల తరబడి 3 కిలోవాట్ల దాకా లాగుతుంది, మీ మీటరుకి మంజూరైన లోడు ఒక కిలోవాటో రెండో ఉంటే కరెంటు వాళ్ళ సెక్షన్ ఆఫీసులో పెంచమని రాసివ్వండి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయే టైములో కాకుండా రాత్రి ఊళ్ళో వాడకం తగ్గాక పెట్టుకోండి.

ప్రశ్న: నాన్నకి చిన్న కరెంటు స్కూటీ కొనాలనుకుంటున్నాను, లైసెన్సు లేదు. బ్యాటరీ ఊడదీసి బెడ్‌రూంలో ఛార్జింగు పెట్టుకోవచ్చంటున్నారు.
– రాజాం

జవాబు: 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లకి మించని బండయితే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు, కానీ షాపువాడు స్పీడు పెంచి ఇస్తానంటే ఒప్పుకోకండి, అప్పుడు అది రూలు దాటిపోయినట్టే. బెడ్‌రూం మాత్రం వద్దే వద్దు, 2022 ఏప్రిల్లో విజయవాడలో అలా పడగ్గదిలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. ఆ తర్వాతే బ్యాటరీల పరీక్షలు గట్టి చేశారు, ఏఐఎస్ 156 (బ్యాటరీ భద్రత ప్రమాణం) ఉందా అని అడిగి కొనండి. వరండాలో, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు, బండి తిరిగొచ్చాక కాస్త చల్లారనిచ్చి పెట్టమనండి నాన్నగారిని.

ప్రశ్న: నరసన్నపేట రోడ్డు మీద నాకు కిరాణా కొట్టుంది. బళ్ళవాళ్ళకి ఛార్జింగు పెట్టిచ్చి పది రూపాయలు తీసుకోవచ్చా? లైసెన్సేమైనా కావాలా?

జవాబు: లైసెన్సు అక్కర్లేదు, ఛార్జింగు ఇవ్వడం కరెంటు అమ్మడం కిందకి రాదు, అది సేవ అని కేంద్రం 2018లోనే చెప్పేసింది. కానీ ఇంటి మీటరు నుంచి ఇవ్వకూడదు. ఛార్జింగు స్టేషన్లకి విడిగా టారిఫ్ ఉంది, మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ ఆఫీసులో దాని కింద మీటరు అడగండి, పది రూపాయలు తీసుకోవాలా పాతిక తీసుకోవాలా అన్నది ఆ యూనిట్ రేటు చూసుకుని తేల్చుకోండి.