స్టిమ్యులేటర్: ట్రయల్ మానేసి నేరుగా పెట్టించేయొచ్చా?

నడుం ఆపరేషన్ అయ్యాక కూడా నాన్నగారి కాలి మంట తగ్గలేదని, స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ (వెన్నుపాము దగ్గర సన్నగా కరెంటు పంపి నొప్పిని తగ్గించే పరికరం) చెప్పారని, ముందు వారం పాటు తాత్కాలికంగా పెట్టి చూసే ట్రయల్ మానేస్తే ఆ ఖర్చు మిగులుతుంది కదా అని అడిగారు. వద్దండి. ఆయనకిది పనిచేస్తుందో లేదో తేల్చేది ఆ వారమే.

బోర్లా పడుకోబెట్టి, తోలు మొద్దుబార్చి, ఎక్స్‌రేలో చూస్తూ సూదిలోంచి సన్నటి లీడు (కరెంటు తీగ) వెన్నులోకి ఎక్కిస్తారు. దాని కొసన సాధారణంగా 8 కాంటాక్టులు (కరెంటు వదిలే చోట్లు). నొప్పి కాల్లో అయినా కొస ఉండేది వీపు మధ్యలో, టి8–టి10 (వీపు భాగంలో 8 నుంచి 10వ పూసలు) దగ్గర. కాలి కబురు మెదడుకు పోయే దారి అదే. రెండో కొస బయటికొచ్చి నడుముకు కట్టిన బ్యాటరీలో కలుస్తుంది. 5–7 రోజులు అలాగే ఇంట్లో ఉండాలి.

ఆ రోజుల్లో స్నానం వద్దు, తడిగుడ్డతో తుడవండి. వంగడం, మెలి తిరగడం, చేతులు తలపైకెత్తడం కూడదు. లీడు ఒక్క సెంటీమీటరు జారినా కరెంటు వల్ల వచ్చే జివ్వుమనే తిమ్మిరి కాలు వదిలేసి పొట్టకో పక్కటెముకలకో పోతుంది. అప్పుడు "పనిచేయలేదు" అనుకోకుండా వెంటనే ఫోన్ చేయండి. చాలాసార్లు ప్రోగ్రామ్ మార్చి వేరే కాంటాక్టుల మీద నడిపితే సర్దుకుంటుంది. పడుకోగానే షాక్ కొట్టినట్టుంటే భయపడకండి. వెల్లకిలా పడుకుంటే వెన్నుపాము లీడుకు దగ్గరవుతుంది, రిమోట్‌తో తగ్గిస్తే చాలు. సెకనుకు పదివేల సార్లు కరెంటు పంపే 10 కిలోహెర్ట్జ్ పద్ధతిలో అసలీ తిమ్మిరే తెలియదు.

పదికి ఎంత నొప్పి అని అడిగి వదిలేయకండి. ఎన్ని నిమిషాలు ఆగకుండా నడిచారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, మాత్రలెన్ని వేసుకున్నారు, రోజూ రాయండి. ట్రయల్‌కు ముందు మూడు రోజులు కూడా రాసిపెడితేనే పోలిక కుదురుతుంది. నొప్పి సగమైనా తగ్గాలి, నడక మెరుగవ్వాలి. "ఏదో కొంచెం నయం" అంటే పెట్టించకండి. మొహమాటానికి బాగుందనే పెద్దవాళ్లు ఉంటారు, అది నిజంగా నష్టం చేస్తుంది.

రక్తం పలచబడే మాత్రలుంటే ముందే చెప్పండి, ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరునూ అడగాలి. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ముప్పు ఎక్కువ. జ్వరం, కట్టు దగ్గర చీము వస్తే అదే రోజు చూపించండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి: లోపల రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కుతుండొచ్చు.

పర్మనెంట్ పెట్టించాలనుకుంటే ఎంఆర్ఐ ఏ షరతులతో తీయొచ్చో రాయించుకోండి. ఫిజియోథెరపీలో డయాథర్మీ (యంత్రంతో ఒంటి లోపలికి వేడి పెట్టడం) మాత్రం ఎప్పటికీ పెట్టించకూడదు.