ముందు రెండు జాకెట్లు కుట్టించు

తెనాలి

చిరంజీవి చిన్నబాబుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "అమ్మ తొమ్మిది కిలోలు పెరిగింది పెద్దమ్మా, అన్నం తగ్గించమని నువ్వయినా గట్టిగా చెప్పు" అన్నావు. నేను చెప్పను. ఎందుకు చెప్పనో ఫోన్లో అంటే నీమీద కోప్పడతానేమోనని కాగితం తీసుకున్నాను.

మీ నాన్న పోయి ఏడాదిన్నర. అంతకు ముందు పొద్దున్నే కాఫీ తాగుతూ నాకు ఫోన్ చేయందే మీ అమ్మకు తెల్లారేది కాదు. ఈ ఏడాదిన్నరలో తనంతట తను చేసింది రెండుసార్లు. కార్తీకమాసంలో గుడికి వెళ్ళలేదు, మోకాళ్ళంది. మొన్నటి పెళ్ళికి రాలేదు. అసలు కారణం నాతో గొణిగింది: ఒక్క జాకెట్టూ పట్టడం లేదట, నలుగురిలో ఎవరైనా "ఇంత లావయ్యావేంటి" అంటే తట్టుకోలేనంది. నువ్వేమో కాటా మీద అంకె చూసి కంగారు పడుతున్నావు.

మా వయసు వాళ్ళు "నాకు డిప్రెషన్‌గా ఉంది" అనరు నాయనా. ఒళ్ళు లాగేస్తోంది, గుండె దడ, తిన్నది అరగట్లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది అంటారు. పిల్లలు గ్యాస్ మాత్ర తెచ్చిస్తారు. అక్కడితో సరి.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 66వ ఏట మోకాలు పట్టేసి ఇంట్లో కూర్చున్నాక పదకొండు కిలోలు పెరిగాను. ఒక డాక్టరు తల ఎత్తకుండానే "బరువు తగ్గాలమ్మా" అని చీటీ రాసి పంపించేశాడు. ఆ సిగ్గుతో నెలరోజులు గుమ్మం దాటలేదు. రాత్రి పదకొండింటికి జంతికల డబ్బా మూత తీసేదాన్ని. ఆకలేం లేదు. నోరు ఆడుతున్నంతసేపూ ఆలోచన ఆగేది, అంతే. ఇంకో డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి అడిగి, రక్తం పరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. దానికో మాత్ర, మనసుకో మాత్ర ఇచ్చింది. మనసు మాత్ర ఏడాది వాడాను. దాచుకోవాల్సిందేముంది?

ఒళ్ళు పెరగడం, మనసు కుంగడం, ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. అన్ని వయసుల వాళ్ళ మీద జరిగిన పరిశోధనలను కలిపి 2010లో లెక్క కట్టారు. స్థూలకాయం ఉన్నవాళ్ళకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువట. డిప్రెషన్ ఉన్నవాళ్ళు తర్వాత స్థూలకాయులయ్యే అవకాశం 58 శాతం ఎక్కువట. మీ అమ్మకు ఏది ముందొచ్చిందో తేల్చే పని పెట్టుకోకు.

ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. థైరాయిడ్, బి12, డి విటమిన్, షుగరు చూపించు. గురక పెడుతుందా, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుందా అన్నది చెప్పు. నిద్రలో ఊపిరి ఆగిఆగి వస్తుంటే నీరసమూ చిరాకూ దానివల్లే కావచ్చు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళు. డిప్రెషన్‌కు ఇచ్చే మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు కొందరికి బరువు పెంచుతాయి. అలాగని నువ్వే ఆపించేయకు. పెద్దవాళ్ళ డిప్రెషన్ పట్టుకోవడానికి అవును, కాదు అని చెప్పే పదిహేను ప్రశ్నల పరీక్ష ఒకటుంది, అది చేయమని అడుగు. ఎప్పుడైనా "ఇంకెందుకు బతకడం" అంటే పెద్దవాళ్ళ మాటలేలే అని వదిలేయకు. పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా అని నేరుగా అడుగు. ఆ రోజే డాక్టరుకు చూపించు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు, అంటే మనసు బాగోలేని వాళ్ళకోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్ళు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

ఇక తిండి. "ఒక్కదానికి కూరేం వండుకుంటాను" అంటుంది కదా, అక్కడే ఉంది తంటా. రెండు పూటలా ఆవకాయ, పెరుగన్నం, నాలుగింటికి టీలో బిస్కెట్లు. కడుపు నిండుతుంది, నడుము చుట్టూ కొవ్వు పెరుగుతుంది, కండ మాత్రం కరిగిపోతుంది. ఇప్పుడు నువ్వు అన్నం మాన్పించి ఉపవాసాలు చేయిస్తే మిగిలిన కండా పోతుంది. ఈ వయసులో గబగబా బరువు తగ్గితే ఎముక కూడా బలం తగ్గుతుంది, బాత్రూంలో కాలు జారితే తుంటి విరుగుతుంది. అన్నం కొంచెం తగ్గినా పప్పు, గుడ్డు, పెసరట్టు, మజ్జిగ పెరగాలి. ఆదివారం నువ్వెళ్ళి కూర తరిగిపెట్టి, తనతో కలిసి తిను. ఫోన్ చూసుకుంటూ తినేట్టయితే వెళ్ళకపోయినా ఒకటే.

"వాకింగ్ చెయ్యమ్మా" అంటే ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. పక్కింటావిడ రోజూ సాయంత్రం "పాలప్యాకెట్ తెచ్చుకుందాం రండి" అని పిలిస్తే వెళ్ళేదాన్ని. మొదట్లో వీధి చివరికే. మీ అమ్మకూ అలాంటి పనేదైనా పెట్టు, రైతుబజారు నుంచి తోటకూర తెమ్మను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు చేయించు. చేతులు ఆనించక తప్పకపోతే ఆనించనీ, గోడ పక్కన మాత్రం కుర్చీ వేయి. మోకాలు మరీ నొప్పయితే ఫిజియోథెరపీ వాళ్ళను అడుగు. ఆ కాటా అటక మీద పెట్టేయ్. నాకు రెండేళ్ళలో తగ్గింది నాలుగు కిలోలే, కానీ రాత్రి జంతికల డబ్బా జోలికి పోవడం లేదు, పెళ్ళిళ్ళకూ వెళ్తున్నాను.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే రెండు జాకెట్లు కుట్టించు. ఆది జాకెట్టు ఇచ్చి పంపకు, అది పాత కొలత. టైలరమ్మను ఇంటికి పిలిపించు. వచ్చే శుక్రవారం నేను బస్సెక్కి వస్తున్నాను, ఇద్దరం కలిసి మంగళగిరి కొండకు వెళ్తాం. మెట్లెక్కంలే, దిగువ సన్నిధికే.

ఇట్లు,
మీ పెద్దమ్మ