గేమింగ్ కంప్యూటర్ కోసం అత్యవసర నిధిని కరిగించవచ్చా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేస్తున్నాను. నెలకు రూ.46,000 చేతికి వస్తుంది. అద్దె, తిండి, ప్రయాణాలకు రూ.19,000 అవుతుంది. సూర్యాపేటలోని అమ్మానాన్నలకు రూ.10,000 పంపుతాను. బైకు వాయిదా రూ.4,200, మ్యూచువల్ ఫండ్ సిప్ రూ.3,000. బ్యాంకులో రూ.1,20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 2019లో కొన్న నా కంప్యూటర్‌లో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (విద్యుత్ సరఫరా పెట్టె) ఉన్నాయి. మానిటర్ ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. కొత్త గేములు దీనిమీద సరిగా నడవడం లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక దుకాణంలో అడిగితే, దీనికి విండోస్ 11 పనికిరాదని, మానిటర్ తప్ప అన్నీ మార్చాలని చెప్పి రూ.1,20,000కు కొటేషన్ ఇచ్చారు. సగం డిపాజిట్ నుంచి తీసి, మిగతా రూ.60,000 ఒక యాప్‌లో 18 శాతం వడ్డీకి తీసుకుని, నెలకు రూ.5,900 చొప్పున 12 నెలల్లో తీర్చాలనుకుంటున్నాను. క్రెడిట్ కార్డుపై నో కాస్ట్ ఈఎంఐ కూడా ఇస్తామంటున్నారు. గేమ్ స్ట్రీమింగ్ చేస్తే ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుందని మిత్రులు చెబుతున్నారు. ఏ మార్గం మంచిది?

జవాబు: ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. వస్తువు ఒకరికి ఫోను, ఇంకొకరికి కెమెరా, మీకు కంప్యూటర్. పొరపాటు మాత్రం అందరిదీ ఒక్కటే: బ్యాంకులో కనిపిస్తున్న మొత్తమంతా ఖర్చుకు సిద్ధంగా ఉన్న డబ్బేనని అనుకోవడం. మీరు ప్రతి ఖర్చునూ శ్రద్ధగా రాశారు గానీ, కాంట్రాక్టు పొడిగించకపోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో లెక్క వేసినట్టు కనిపించడం లేదు. అందుకే ముందు ఆ లెక్క చూసి, తరువాత కంప్యూటర్ సంగతికి వద్దాం.

జీతం ఆగిపోయినా ఆగని ఖర్చులు మీకు మూడున్నాయి. మీ సొంత ఖర్చు రూ.19,000, ఇంటికి పంపే రూ.10,000, బైకు వాయిదా రూ.4,200 కలిపితే నెలకు రూ.33,200 అవుతుంది. కాంట్రాక్టు ఉద్యోగికి కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పర్మనెంటు ఉద్యోగికి దొరికే నోటీసు గడువు, పరిహారం వంటివి మీకు దొరుకుతాయన్న హామీ లేదు. ఆరు నెలలకు రూ.1,99,200, అంటే ఉజ్జాయింపుగా 2 లక్షలు. మీ దగ్గర ఉన్నది 1,20,000. మీరు మిగులు సొమ్ము అనుకుంటున్న డిపాజిట్ నిజానికి రూ.80,000 లోటుతో ఉన్న అత్యవసర నిధి.

ఇప్పుడు మీ పథకం ప్రకారం చూడండి. డిపాజిట్‌లో సగం తీస్తే రూ.60,000 మిగులుతుంది. అదే సమయంలో కొత్త వాయిదా రూ.5,900 వచ్చి చేరడంతో మీ తప్పనిసరి ఖర్చు రూ.39,100కు పెరుగుతుంది. ఈ రోజు మూడున్నర నెలలు నిలబడగలిగిన మీరు, కొత్త కంప్యూటర్ ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి నెలన్నర మాత్రమే నిలబడగలరు. పైగా ఆరు నెలలకు కావలసిన నిధి 2 లక్షల నుంచి రూ.2,34,600కు ఎగబాకుతుంది. అత్యవసర నిధిని తీసి, దానికి అప్పును కూడా జోడించి వస్తువు కొనేవారు ఈ రెండో భాగాన్ని దాదాపు ఎప్పుడూ గమనించరు. ఒక చేత్తో నిధిని తగ్గిస్తూ, రెండో చేత్తో దాని అవసరాన్ని పెంచుకుంటున్నారు.

ఆ 18 శాతం వడ్డీ సంగతి కూడా చెప్పక తప్పదు. రూ.60,000కు 18 శాతం అంటే రూ.10,800, రెండూ కలిపి 12తో భాగిస్తే సరిగ్గా రూ.5,900 వస్తోంది. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, చివరి నెల దాకా మొత్తం అరవై వేల మీదా వడ్డీ వేస్తున్నారన్నమాట. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది దాదాపు 32 శాతం. ఇలాంటి అప్పుల్లో సాధారణంగా ప్రాసెసింగ్ ఫీజును ముందే కోసుకుంటారు. ఆ ఫీజు 3 శాతం ఉండి, దానిపై జీఎస్టీ కూడా పడితే మీ చేతికి వచ్చేది రూ.57,876 మాత్రమే, అప్పుడు అసలు రేటు 39 శాతానికి చేరుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే సంస్థ కీలక వివరాల పత్రంలో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును చూపించాలి. యాప్ మొదటి తెరపై మెరిసే అంకెను వదిలి ఆ పత్రంలోని అంకెను చదవండి. ఆ పత్రమే ఇవ్వని యాప్‌తో మీకు పని లేదు.

నేను అనవసరంగా భయపెడుతున్నానని అనుకోవద్దు. 2020 చివరలో లోన్ యాప్‌ల వేధింపులు మన తెలంగాణలోనే ప్రాణాలు తీశాయి. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు దీనిపై వర్కింగ్ గ్రూపును నియమించింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పుల మార్గదర్శకాలు వచ్చాయి. నిబంధనలు మెరుగుపడ్డాయి, అయినా ఆటల కోసం ముప్ఫై తొమ్మిది శాతం వడ్డీకి అప్పు చేయడం ఏ నిబంధన వల్లా తెలివైన పని కాబోదు. ఒకవేళ తొందరపడి ఇప్పటికే ఆ సొమ్మును ఖాతాలోకి తీసుకుని ఉంటే, జరిమానా లేకుండా అప్పును వెనక్కి ఇచ్చే గడువు కనీసం ఒక రోజు ఉంటుంది. పత్రంలో ఆ గడువు ఎంతో చూసి వెంటనే తిరిగి కట్టేయండి.

నో కాస్ట్ ఈఎంఐ దానికంటే తక్కువ ప్రమాదకరం, అంతే. సున్నా శాతం వడ్డీ అనేదేమీ లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. రూ.1,20,000ను 12 నెలలకు మార్చి, బ్యాంకు 16 శాతం వడ్డీ లెక్క వేస్తే, అందులో వడ్డీ భాగం దాదాపు రూ.9,800 ఉంటుంది. దుకాణదారు మీకు నగదుపై ఇవ్వగలిగిన తగ్గింపు ఆ రూపంలో బ్యాంకుకు పోతుంది, ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, అంటే మరో రూ.1,760, మీరే కట్టాలి. ఇదంతా పక్కన పెట్టినా వాయిదా నెలకు రూ.10,000; అన్నీ పోగా మీకు మిగిలేది రూ.9,800. కట్టలేని వాయిదా గురించి ఇంతకంటే చర్చ అక్కరలేదు.

స్ట్రీమింగ్ ఆదాయంతో అప్పు తీరుతుందన్న మాటను మీ మిత్రులే హామీ సంతకం చేసి ఇస్తారేమో అడగండి. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం కావాలి; ఆ తరువాత కూడా వచ్చే మొత్తానికి భరోసా లేదు. రాని ఆదాయాన్ని నమ్ముకుని వచ్చే వాయిదాను ఒప్పుకోకండి.

ఇక కంప్యూటర్. మీకు ఆ కోరిక ఉండకూడదని నేను అనను; నెలంతా పనిచేసే మనిషికి ఒక సరదా ఉండాలి. కానీ మీ యంత్రంలో మార్చవలసినవి దుకాణదారు చెప్పినన్ని లేవు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే, అయితే మీ రైజెన్ 5 2600 విండోస్ 11 అనుమతించే ప్రాసెసర్ల జాబితాలోనే ఉంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీ బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలను ఆన్ చేస్తే చాలావరకు సరిపోతుంది. అన్నీ మార్చాలన్న వాదనకు ఉన్న ప్రధాన ఆధారం అక్కడే పోయింది. పైగా మొత్తం మార్చడమంటే మీ పాత బోర్డుకు సరిపడని కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ కొనడం. డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి. పాత బోర్డును అట్టిపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

ఏ భాగం అడ్డుపడుతోందో తెలుసుకోవడానికి ఖర్చు లేదు. మీకు ఇబ్బంది పెడుతున్న గేమును అరగంట ఆడుతూ, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీని గమనించండి. మెమరీ నిండిపోయి ఉంటే ర్యామ్ చాలడం లేదు. డిస్క్ వంద శాతం దగ్గర ఆగి గేము కుదుపులతో నడిస్తే హార్డ్ డిస్క్ అడ్డం. ఈ రెండూ మామూలుగా ఉండి గ్రాఫిక్స్ కార్డు మాత్రమే ఎప్పుడూ వందకు దగ్గరగా ఉంటే కార్డు చాలడం లేదని అర్థం. మీరు చెప్పిన వివరాలను బట్టి మూడూ కొంతకొంత కారణమేనని నా అంచనా, వాటిలో మొదటి రెండూ చవకగా తీరేవి. మెమరీ పేజీలోనే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది; ఒకే 8 జీబీ స్టిక్ ఉంటే అలాంటిదే మరొకటి చేర్చండి, ఎందుకంటే రెండు స్టిక్‌లు జతగా నడిస్తే రైజెన్ ప్రాసెసర్లకు తేడా బాగా తెలుస్తుంది. మీ బోర్డుకు సరిపోయే డీడీఆర్4 స్టిక్‌ను సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా పెద్ద ప్రమాదం లేదు, దుకాణంలోనే పరీక్షించి చూపించమనండి. హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ మాత్రం రాసేకొద్దీ అరిగే వస్తువు కాబట్టి వారంటీతో కొత్తదే కొనాలి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో మీ మానిటర్ మీకు మేలు చేస్తోంది. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 ఫ్రేములకు మించి చూపించలేదు. అంతకు రెట్టింపు ఇచ్చే ఖరీదైన కార్డు పెట్టి, ఆ ఫ్రేములను చూడకుండా వదిలేయడానికి డబ్బు ఎందుకు ఖర్చు చేయాలి? 8 జీబీ మెమరీ ఉండి, విద్యుత్ వినియోగం 150 వాట్లలోపు ఉన్న కార్డు మీకు చాలు. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 వాడేది 132 వాట్లు. మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మంచి కంపెనీదై, కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్ కనెక్టర్ ఉంటే దాన్నీ మార్చనక్కరలేదు. సెకండ్ హ్యాండ్ కార్డు చూస్తే ఒరిజినల్ బిల్లు, సీరియల్ నంబరు, మిగిలిన వారంటీ మూడూ ఉంటేనే ముందుకు వెళ్లండి.

డబ్బును ఇలా విడదీయండి. నెలకు మిగిలే రూ.9,800లో రూ.7,000 అత్యవసర నిధికి, రూ.2,800 కంప్యూటర్ ఖాతాకు పంపండి. ఈ రెండూ జీతం పడిన రోజే, వేర్వేరు రికరింగ్ డిపాజిట్లలోకి వెళ్లాలి. మూడో నెల చివరికి కంప్యూటర్ ఖాతాలో రూ.8,400 చేరుతుంది, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఆ పరిధిలోనే తీసుకోండి, రెండూ సరిపడకపోతే ముందుగా టాస్క్ మేనేజర్ ఏది చూపించిందో అది. మరో తొమ్మిది నెలల్లో రూ.25,200 కూడుతుంది. పాత జీటీఎక్స్ 1650ను అమ్మగా వచ్చినది కలుపుకుని, రూ.28,000 దాటకుండా గ్రాఫిక్స్ కార్డు కొనండి. అప్పటికి అత్యవసర నిధి రూ.2,04,000 అవుతుంది. ఒక్క రూపాయి అప్పు లేదు, ఒక్క రూపాయి డిపాజిట్ నుంచి తీయలేదు. ఈ ఏడాదిలో ప్రతిదానికీ ఈ నిధివైపు చూసే అలవాటు మానుకోవాలి. పండుగ ఆఫరు, గేము విడుదల, మిత్రుడు చెప్పిన డీలు ఇవేవీ అత్యవసరాలు కావు. జీతం ఆగడం, ఆసుపత్రి, ఇంటికి తప్పనిసరి ప్రయాణం అత్యవసరాలు. నెల ఖర్చుకు సరిపడా పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాది ఒకే పెద్ద డిపాజిట్‌గా కాకుండా మూడు నాలుగు చిన్న డిపాజిట్లుగా వేయండి. అవసరానికి ఒకటి విరిచినా మిగతావాటి వడ్డీకి కోత పడదు.

అమ్మానాన్నల ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. సంస్థ ఇచ్చే పాలసీ ఉన్నా అందులో వారు ఉన్నారో లేదో తెలియదు, మీ కాంట్రాక్టుతోపాటు అది ముగియనూ వచ్చు. తెలంగాణలో రూ.10 లక్షల దాకా వర్తించే ఆరోగ్యశ్రీకి వారు అర్హులో కాదో ముందు కనుక్కోండి. అర్హులు కాకపోతే ఏడాదిపాటు సిప్ ఆపి ఆ రూ.3,000ను ప్రీమియానికి మళ్లించండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువు మూడేళ్ల దాకా ఉండవచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ గడువు ముగిసే రోజు కూడా దూరం జరుగుతుంది.

ప్రాసెసర్ రెండో ఏడాది సంగతి. కావాలంటే అప్పుడు అదే బోర్డుపై రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు, కాకపోతే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను అప్‌డేట్ చేయించాలి. ఇక కాంట్రాక్టు పొడిగింపు తేదీ గ్రాఫిక్స్ కార్డు కొనే నెలకు దగ్గరలో ఉంటే, పొడిగింపు ఉత్తర్వు మీ చేతికి వచ్చేదాకా సీటీసీకి వెళ్లకండి.