బీటెక్ అయ్యాక ఏడాది గ్యాప్‌లో కోర్సులు చేస్తే ఎం.ఎస్.కి పనికొస్తాయా?

మెకానికల్ బీటెక్ అయిపోయింది, వచ్చే ఏడాది అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.కి అప్లై చేస్తాను, ఈలోగా కోర్సులేమైనా చేయనా అని అడిగారు. నాదీ అచ్చం ఇదే కథ.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. డిస్కౌంట్ పెట్టారు కదా అని వీడియో కోర్సులు అరడజను కొన్నాను. స్పీడు పెంచి, అన్నం తింటూ చూసినా చివర్లో సర్టిఫికెట్ వచ్చేసింది. "గ్రాఫ్‌లో షార్టెస్ట్ పాత్ ఎలా కనుక్కుంటావ్" అని సీఎస్ఈ ఫ్రెండ్ అడిగితే మాత్రం నోరు పెగల్లేదు.

అప్పుడు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) మాధవన్ ముకుంద్ గారి పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సులో చేరాను. 8 వారాలు. పాఠాలు ఉచితం, పరీక్షకి నేను కట్టింది 1000 రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్‌కి గడువుంటుంది, పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆ టెన్షనే నన్ను చదివించింది. మూడో వారంలో రికర్షన్ దగ్గర ఇరుక్కుని నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను. ఇంట్లో వాళ్లేమో నేను ఖాళీగా ఫోన్ చూస్తున్నాననుకున్నారు!

ఒక జాగ్రత్త. కోర్సులో చేరడం వేరు, పరీక్షకి రిజిస్టర్ చేసుకోవడం వేరు. రెండూ ఒకటే అనుకుని మొదటిసారి నేను పరీక్ష గడువు దాటబెట్టుకున్నాను, ఒక సెషన్ పోయింది. సెషన్లు జనవరిలో, జులైలో మొదలవుతాయి. డిసెంబర్‌లో అప్లై చేసేవాళ్లు జులైది వదులుకోకూడదు.

బీటెక్ పర్సంటేజీ వీటితో ఒక్క పాయింటు కూడా పెరగదు, ఆ ఆశ పెట్టుకోకండి. నాకు లాభం ఎస్ఓపీలో, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసంలో, కనబడింది. మెకానికల్ వాడివి ఇటెందుకొస్తున్నావ్ అన్న ప్రశ్నకి చూపించడానికి పరీక్షలో వచ్చిన మార్కు, నేను రాసిన కోడ్ ఉన్నాయి. అందుకే పది కోర్సులొద్దు. డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మీకు లేనివి రెండు చాలు.

డబ్బు కట్టే ముందు మీరు అప్లై చేయబోయే డిపార్ట్‌మెంట్లకి సిలబస్ లింక్ పెట్టి, దీన్ని ప్రీరిక్విజిట్‌గా (ఎం.ఎస్.కి ముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టుగా) తీసుకుంటారా అని మెయిల్ చేయండి. నేను మూడు చోట్లకి రాశాను. ఒకళ్లు సరే అన్నారు, ఒకళ్లు జవాబే ఇవ్వలేదు. మూడో వాళ్లు కాలేజీ క్రెడిట్ ఉంటేనే లెక్క, డిస్క్రీట్ మ్యాథ్స్ మా దగ్గరికొచ్చాక మళ్లీ చేయాల్సిందే అన్నారు. చివరికి సీటొచ్చింది ఆ మూడో చోటే. మళ్లీ చేశాను.