రంగు డబ్బా మూత తీసేముందు

బుజ్జీ,

బ్రాడీపేట ఫ్లాట్‌కి రంగులన్నీ నువ్వే ఎంచుతున్నావని అక్క, అదే మీ అమ్మ, ఫోన్‌లో చెప్పింది. రంగుల చక్రం ప్రింట్ తీసి బీరువాకి అంటించుకున్నావట కూడా. భలే సంతోషమేసింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడు. లప్పం బాగా ఆరనివ్వు, ప్రైమర్ మానకు. గదిలో ఒక రంగు 60 వంతులు, తోడు రంగు 30, మెరుపుకి 10 అనే లెక్క నీకు తెలిసే ఉంటుంది.

నాకు తెలియకే పరువు పోయింది. మీ అమ్మ పెళ్లికి సత్యనారాయణపురం ఇంటికి రంగులేయించే పని తాతయ్య నాకప్పగించాడు. అంతకుముందు ప్రతి ఏడూ సున్నంలో నీలిమందు కలిపి కొట్టించడమే. నాకేమో కొత్తగా ఉండాలని పంతం. కొట్లో కార్డు చూసి లేత బూడిద రంగు డిస్టెంపర్ తెచ్చా. పొద్దున్నే చూస్తే గోడలు పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి! ‘పెళ్లివారిని ఆస్పత్రిలో దింపుతామట్రా?’ అన్నాడు తాతయ్య. డబ్బా పట్టుకుని కొట్టు మీదికి పోట్లాటకెళ్లా. కొట్టాయన ఒక్క మాటా అనకుండా తెల్లకాగితం మీద ఆ రంగు పూసి చూపించాడు. నిక్షేపంలాంటి బూడిద రంగు. ‘మీ ఇంట్లో గచ్చు ఏం రంగు బాబూ?’ అన్నాడు.

ఎర్ర గచ్చు. మా అమ్మ రోజూ తుడిచి తుడిచి అద్దంలా మెరిపించిన ఎర్ర గచ్చు.

ఎరుపు పక్కన బూడిద రంగు పెడితే, చక్రంలో ఎరుపుకి ఎదురుగా ఉండే పచ్చదనం దానిలో ఉన్నట్టు కంటికి తోస్తుంది. పారిస్‌లో గోబ్లాన్ నేతశాల అద్దకాలు చూసే షెవ్రెల్‌కీ ఇలాంటి తగువే వచ్చింది. నలుపు సరిగా నల్లగా లేదని ఫిర్యాదు. చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలాలు, ఊదాలు చేసిన పని అది. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. అది చదివేసరికి నాకు నలభై దాటాయి. మీ అమ్మ ఆ గోడల మధ్యే పెళ్లి చేసుకుంది. ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే కార్డు చూసి డబ్బు కట్టకు. చిన్న డబ్బా తెచ్చి, రెండడుగుల మేర గోడ మీద వేసి, పొద్దున, నాలుగింటికి, రాత్రి లైట్లో, నీ టైల్స్ పక్కనే చూడు. హాలుకి నాలుగు వైపులా మిరపపండు రంగట! మిర్చి యార్డులో కాపురం పెడతావా? అసలే పడమటి హాలు, మే నెల ఎండ. పచ్చ చీరకి ఎర్ర అంచు అందమే గానీ, సగం పచ్చ సగం ఎరుపు కడతామా? ఆ ఎరుపు దిండ్లకి ఉంచు.

ఇంకొకటి. అక్క నీ దగ్గరికే వస్తోంది. శుక్లాల ఆపరేషన్ ఇంకా కాలేదు. నువ్వేమో బాత్రూమంతా తెలుపే అంటున్నావు. తెల్ల నేల, తెల్ల గట్టు, తెల్ల గోడ అయితే మెట్టు ఎక్కడుందో దానికి కనపడదు. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్లం కదా, మసక వెలుతుర్లోనూ కంటికి ఆనేది. ఆ గట్టు అంచున ముదురు రంగు రాయి వేయించు. మేస్త్రీ కాదంటే నాకు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వచ్చేస్తా.

మీ మావయ్య