బత్తాయి రాలుతోంది: పిగిలిపిట్ట పనా, రెక్కల పురుగు పనా?

ప్రశ్న: మూడెకరాల బత్తాయి, గట్టున నాలుగు జామచెట్లు ఉన్నాయి. రంగు తిరిగే బత్తాయిలు బెజ్జాలు పడి రోజూ రాలిపోతున్నాయి. పొద్దున్నే తోటలో పిగిలిపిట్టలు కనబడుతున్నాయి. వల కొనమంటారా?
– ఒక రైతు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: తొందరపడి వల కొనకండి. ముందు రాలిన కాయను చేతిలోకి తీసుకుని బెజ్జం చూడండి. గుండుసూది గుచ్చినట్టు సన్నగా ఉండి, నొక్కితే రసం కారితే అది పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు పనే. తర్వాత ఆ బెజ్జం చుట్టూ తోలు మెత్తబడి గోధుమరంగు మచ్చ పడుతుంది. ఆ దారినే బూజు లోపలికి పోయి కాయ కుళ్లుతుంది. పిట్ట పొడిస్తే గుంట పడుతుంది, అంచులు చిరుగుతాయి. బత్తాయి తోలు మందం కాబట్టి పిగిలిపిట్టకు మెత్తటి జామ, బొప్పాయి మీదే మోజు. పైగా అది పురుగుల్ని కూడా తింటుంది. (కాయ కోస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటే అది పండు ఈగ, దాని వైద్యం వేరు.)

మామూలు రెక్కల పురుగు తొండం మెత్తన, పూలలో తేనె తాగడానికే సరిపోతుంది. దీనిది గట్టిది, కొసన ముళ్లుంటాయి. పగలు ఎండుటాకులా ఒదిగి ఉంటుంది కాబట్టి కంటపడదు. రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి చూడండి, కాయ మీద కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. వెనక రెక్కలు నారింజ పసుపు, అంచు నలుపు.

చెట్లకు మందు కొట్టడం దండగ. దీని గొంగళి పురుగు బత్తాయి ఆకు ముట్టదు, తిప్పతీగ, దూసరితీగ మీద పెరుగుతుంది. కొండ పక్క తోటలకు బెడద ఎక్కువ అందుకే. కంచెకు, వేపచెట్లకు పాకిన తిప్పతీగను వేళ్లతో సహా పెరికి కాల్చేయండి. పచ్చి కాడ నేల మీద పడేస్తే మళ్లీ వేరూనుతుంది. మందుకని కరోనా నుంచి పెంచుకుంటున్నది ఉంటే తోట దగ్గర మాత్రం వద్దు.

2 లీటర్ల నీటిలో 200 గ్రాముల బెల్లం, 20 మి.లీ. మలాథియాన్ పురుగుమందు, కాస్త బత్తాయి రసం కలిపి ఎరగా వెడల్పు మూతి సీసాల్లో పోయండి. 10 చెట్లకు ఒకటి చొప్పున, పిల్లలకు, మేకలకు అందని ఎత్తున సాయంత్రం కట్టండి. రాలిన కాయలు ఏ రోజువి ఆ రోజు ఏరి లోతుగా పూడ్చాలి. కింద కుళ్లు వాసన ఉంటే పురుగు ఎర వైపు చూడదు. పొద్దుగూకే వేళ పొగ పెట్టండి, పక్వానికొచ్చిన కాయను చెట్టు మీద ఉంచకుండా కోసేయండి.

వల కావాలంటే ఆ నాలుగు జామచెట్లకు చాలు.