రెండు ట్రిగ్గర్లూ కలిపి నొక్కితే అసలేమీ నొక్కనట్టు ఎందుకు చూపిస్తోంది?

ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌తో విండోస్‌లో గేమ్ రాస్తున్నారు, ట్రిగ్గర్లు (ప్యాడ్ ముందంచున చూపుడువేళ్లతో లాగే మీటలు) విడివిడిగా బాగానే ఉన్నాయి, రెండూ కలిపి నొక్కితే విలువ మధ్యకి వచ్చేస్తోంది, పైగా ఇంకో ప్యాడ్ పెడితే బటన్ల నంబర్లు మారిపోతున్నాయి, ఇదే కదండీ మీ సమస్య? ముందు ఒక మాట, ప్యాడ్ మార్చకండి, దాని తప్పేమీ లేదు.

మాది నరసాపురం. ఇక్కడి నుంచి సఖినేటిపల్లి రేవుకి వెళ్లే పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద చిన్న గేమ్ రాద్దామని కూర్చున్నాను. ఎడమ ట్రిగ్గర్‌కి ఎడమ ఇంజిన్, కుడిదానికి కుడి ఇంజిన్, రెండూ నొక్కితే పంటు తిన్నగా పోవాలి. పోలేదు, గోదావరి మధ్యలో ఆగిపోయింది. సముద్రం దగ్గర ఊరు, ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టిందేమో అనుకుని పాలకొల్లులో రిపేరు షాపుకి తీసుకెళ్లి విప్పించాను, లోపల శుభ్రంగా ఉంది. వారం పాటు ఒకటే టెన్షన్. చివరికి ఫ్రెండ్ లినక్స్ లాప్‌టాప్‌లో ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి చూస్తే రెండు ట్రిగ్గర్లూ వేటికవి సున్నా నుంచి 255 దాకా చక్కగా వెళ్తున్నాయి! అంటే ప్యాడ్ సరిగ్గానే పంపుతోంది, తేడా అంతా విండోస్‌లో నేను దాన్ని అడిగే దారిలో ఉంది.

విండోస్‌లో ఆ దారులు ముఖ్యంగా రెండు. డైరెక్ట్‌ఇన్‌పుట్ 1990లలోది, అందులో ఈ ప్యాడ్ ట్రిగ్గర్లు రెండూ ఒకే జెడ్ యాక్సిస్‌గా, అంటే అటూ ఇటూ కదిలే ఒకే కొలతగా కనిపిస్తాయి, ఒకటి అటు లాగితే ఇంకొకటి ఇటు లాగుతుంది కాబట్టి రెండూ నొక్కితే ముల్లు మధ్యలో నిలబడిపోతుంది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్‌లో ట్రిగ్గర్లు వేరువేరు, ఒక్కోటి 0 నుంచి 255, స్టిక్కులు మైనస్ 32768 నుంచి 32767. కాకపోతే నాలుగు ప్యాడ్‌లకి మించి చూడదు, ఎక్స్‌బాక్స్ రకం కాని ప్యాడ్ దానికి కనిపించదు. మీ ప్యాడ్ వెనక ఎక్స్, డి అని స్విచ్ ఉంటే అది ఈ రెండు దారుల కోసమే.

ఇక నంబర్ల సంగతి. మామూలు యూఎస్‌బీ ప్యాడ్ తగిలించగానే "నా దగ్గర ఇన్ని బటన్లు, ఇన్ని యాక్సిస్‌లు, ఫలానా బిట్లలో ఉంటాయి" అని ఒక వివరణ ఇస్తుంది, దాన్నే హెచ్‌ఐడీ రిపోర్ట్ డిస్క్రిప్టర్ అంటారు. అందులో ఒకటో బటన్, రెండో బటన్ అని ఉంటుందే తప్ప "ఇది కింద ఉన్న బటన్" అని ఉండదు. అందుకే డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో సున్నా నంబరు ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో 'ఎ' అవుతుంది, ప్లేస్టేషన్ 4 ప్యాడ్‌లో చతురస్రం అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మీకిచ్చేది నంబరే, దానికి అర్థం ఎవరో ఒకరు పక్కన రాసి పెట్టాలి.

ఆ రాసే పని మీరు పెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను, నేను పెట్టుకుని నెల పోగొట్టుకున్నాను. ఎస్‌డీఎల్ అనే గేమ్ లైబ్రరీ (ముందే రాసి పెట్టిన కోడ్) వాడండి, కానీ అందులో జాయ్‌స్టిక్ ఫంక్షన్లు కాదు, గేమ్‌కంట్రోలర్ ఫంక్షన్లు (మూడో వెర్షన్‌లో గేమ్‌ప్యాడ్ అని పేరు మార్చారు). ఏ కంపెనీ, ఏ మోడల్ ప్యాడ్‌కి ఏ నంబరు ఏ బటనో చెప్పే పట్టిక దాంట్లోనే ఉంటుంది, ట్రిగ్గర్లు వేరువేరుగా 0 నుంచి 32767 దాకా వస్తాయి. నేను అది మార్చిన రాత్రే పంటు అవతలి రేవుకి చేరింది, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

డైరెక్ట్‌ఇన్‌పుట్‌లోనే ఉండక తప్పదంటే డీప్యాడ్ (ప్లస్ గుర్తులా ఉండే నాలుగు దిక్కుల బటన్) దగ్గర జాగ్రత్త. దాని విలువ డిగ్రీలో నూరో వంతుల్లో వస్తుంది, కుడికి 9000, పైకి నొక్కితే సున్నా. సున్నా అంటే ఏమీ నొక్కలేదని రాశారో, పైకి నొక్కడం ఎప్పటికీ పనిచేయదు.